పాత పాత్రలు, పచ్చని మొక్కలు - వాటి వెనుక హక్కులు



గత మాసం ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. మేడ మీద 30 కుండీలలో పూలమొక్కలు, ఆకుకూరలు పెంచుతున్నారట. అత్తవారింటి అటక మీద ఏళ్ళ తరబడి పడివున్న రాగి డేగిసాను, ఇత్తడి బద్నాను, పాత లాంతరును క్రిందికి దించి, చింతపండుతో తోమించి, ముందు గదిలో అమర్చుకున్నారట. సెలవు దినాలలో పాత సామాను అంగళ్ళు తిరిగి ఒకటి రెండు వస్తువులు కొని తెచ్చుకోవడం కూడా ఆమెకు ఇష్టమట. ఇల్లు చూసినవారు మెచ్చుకుంటున్నారు గానీ, ఇంటిలోని ఒక పెద్దావిడ మాత్రం, "నమాజు చదువుకునే ఇంటికి ఈ సింగారం దేనికి? ఇదంతా దునియాదారీ" అంటున్నారట. "మౌలానా సాహెబ్, నేను చేస్తున్నది పాపమా?" అన్నది ఆ సోదరి ప్రశ్న.

పాపం కాదు. సంకల్పం మంచిదైతే అందులో పుణ్యం కూడా ఉంది. ఇంతటితో సమాధానం ముగించవచ్చు. అయితే ఆ ఉత్తరంలోని ఒక మాట దగ్గర మా చూపు ఆగిపోయింది. "అత్తవారింటి అటక మీద నుండి దించిన" అన్న మాట అది. దాని గురించి చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి వస్తుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నప్పటికీ, నలుగురికి మేలు కలుగుతుందన్న ఆశతో చెబుతాము. అంతకంటే ముందు, ఇంటి అందం విషయంలో మన ధర్మం ఏమంటున్నదో చూద్దాం.

మంచి బట్టలు, మంచి పాదరక్షలు ధరించాలని కోరుకోవడం అహంకారమవుతుందా అన్న ప్రసంగం దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సన్నిధిలో వచ్చింది. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ, సత్యాన్ని తిరస్కరించడమూ సాటి మనుషులను చులకనగా చూడడమే అహంకారమనీ ఆయన బోధించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు మన చేతికి ఒక కొలబద్దను ఇస్తున్నది. గుమ్మంలో గులాబీ కుండీ పెట్టుకోవడం అహంకారం కాదు. ఆ కుండీ లేని పొరుగింటిని చూసి పెదవి విరవడం అహంకారం. ఒకే కుండీ ఒక ఇంట్లో కృతజ్ఞతగానూ, మరొక ఇంట్లో గర్వంగానూ మారగలదు.

దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో, 80వ ఆయతులో, అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తు చేస్తూ ఇళ్ళను ప్రస్తావించాడు. ఇంటిని మనకు ప్రశాంతి దొరికే చోటుగా చేశాడనీ, పశువుల ఉన్నితో, బొచ్చుతో, వెంట్రుకలతో గృహోపకరణాలనూ, కొంతకాలం వరకు వాడుకునే సామగ్రినీ కల్పించాడనీ ఆ వాక్యాల భావం. ఇంటి సామానును అల్లాహ్ స్వయంగా అనుగ్రహాల జాబితాలో చేర్చినప్పుడు దానిని ఏవగించుకోవలసిన అవసరం మనకు లేదు. అయితే అక్కడే "కొంతకాలం వరకు" అన్న హద్దు కూడా ఉంది. ఈ సామాను మనకు ముందు ఎవరిదో. మన తరువాత మరెవరిదో. పాత వస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది.

మొక్కల విషయం చెప్పనవసరం లేదు. ఒక ముస్లిం నాటిన చెట్టు నుండి గానీ, వేసిన పైరు నుండి గానీ పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది నాటినవారికి సదఖాగా నమోదవుతుందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉంది. చేతిలో మొక్క ఉండగా ప్రళయం ముంచుకువచ్చినా, సాధ్యమైతే దానిని నాటే లేవమన్న బోధన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) బానిసత్వం నుండి విముక్తి పొందడానికి యజమాని విధించిన షరతులలో 300 ఖర్జూరపు మొక్కలు నాటి ఇవ్వడం ఒకటి. సహాబీలు తలా కొన్ని మొక్కలు తెచ్చి ఇవ్వగా, దైవప్రవక్త (సఅసం) తమ శుభ హస్తాలతో వాటిని నాటారు. మట్టి అంటిన చేతులను చిన్నచూపు చూసే హక్కు మనకు ఎక్కడిది?

ఇక పాత వస్తువుల సంగతి. దైవప్రవక్త (సఅసం) నీరు త్రాగిన కొయ్య పాత్ర ఒకటి ఆయన తదనంతరం హజ్రత్ అనస్ (రజి) వద్ద ఉండేది. అది పగిలితే వెండితో అతికించి భద్రపరచుకున్నారు. దానికి ఒక ఇనుప కట్టు ఉండేది. దాని స్థానంలో బంగారపుదో వెండిదో వేయించాలని హజ్రత్ అనస్ (రజి) అనుకున్నప్పుడు, ఆయన మారుతండ్రి హజ్రత్ అబూ తల్హా (రజి), ప్రవక్త (సఅసం) ఉంచినదానిని ఏమాత్రం మార్చవద్దని వారించారు. ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. పగిలినదానిని పారవేయకుండా అతికించుకోవడం, అతికించినదానికి అనవసరపు హంగులు చేర్చకపోవడం అన్న రెండు పాఠాలూ ఇందులో ఉన్నాయి. పాత వస్తువును ప్రేమించేవారికి ఇంతకంటే మంచి మార్గదర్శనం మరెక్కడ దొరుకుతుంది?

హద్దు కూడా తెలుసుకోవాలి. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) తమ గదిలో బొమ్మలున్న తెరను వ్రేలాడదీశారు. దైవప్రవక్త (సఅసం) దానిని చూసి అసంతృప్తి వ్యక్తం చేశారు. ఆ గుడ్డను కోసి ఒకటి రెండు దిండ్లుగా కుట్టుకున్నామని ఆమె స్వయంగా తెలిపారు. ఆ గుడ్డ వృథా కాలేదు. కూర్చునేవారికి ఆనుకునే దిండు అయింది. పాత సామానులో ప్రాణుల విగ్రహాలు, బొమ్మలు గల వస్తువులు కనిపిస్తే వాటిని అలంకారంగా నిలబెట్టుకోరాదన్న నియమం ఇక్కడి నుండి మనకు తెలుస్తున్నది. తీగలు, ఆకులు, పూలు, గళ్ళు చెక్కిన పనితనానికి అభ్యంతరం లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా తల్లిగారు పరలోక ప్రయాణం చేసి 9 సంవత్సరాలు దాటాయి. ఆమె చివరి దినాలు మా ఇంట్లోనే గడిచాయి. ఆమె సామాను కూడా మా ఇంట్లోనే ఉండిపోయింది. రెండు రాగి డేగిసాలు, ఒక ఇత్తడి పాన్‌దాన్, ఒక బద్నా, టేకు సందూక్, చేతి కుట్టుమిషను, లాంతరు. కొన్నాళ్ళు అవి మూలన పడివున్నాయి. తరువాత మా ఇంటివారు వాటిని తోమి శుభ్రం చేశారు. డేగిసాలకు కళాయి పోయించాము. సందూక్‌కు నూనె పట్టించి గోడవారగా వేశాము. పాన్‌దాన్‌ను గూట్లో పెట్టాము. ఇల్లు కళగా కనిపించింది. వచ్చినవారు "అమ్మగారి జ్ఞాపకాలను ఎంత బాగా కాపాడుకున్నారు!" అనేవారు. విని మురిసిపోయాము.

మాకు ఒక ఆపా, ఒక తమ్ముడు. ఆపా ప్రతి ఈదుకూ వస్తారు. గూటి దగ్గర కాసేపు నిలబడి పాన్‌దాన్ మూత ఎత్తి చూసి మళ్ళీ పెట్టేస్తారు. మేము దానిని గమనించినా ఏమీ అనుకోలేదు.

ఒకనాడు మద్రసాలో 'సిరాజీ' పాఠం జరుగుతున్నది. అది వారసత్వ భాగాల శాస్త్రాన్ని బోధించే గ్రంథం. మృతుడు వదిలివెళ్ళిన తరికా నుండి మొదట ఖననపు ఖర్చులు, తరువాత అప్పులు, తరువాత మూడవ వంతు మించని వసీయతు, ఆపైన మిగిలినదంతా వారసులకు అని వరుస చెబుతున్నాము. ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, ఇంట్లోని గిన్నెలూ చెంబులూ కూడా తరికాలోకి వస్తాయా?" అని అడిగాడు. "సూది కూడా వస్తుంది" అన్నాము. అన్న మరుక్షణం మా నోరు ఎండిపోయింది. తల్లిదండ్రులూ దగ్గరి బంధువులూ వదిలినదానిలో పురుషులకు భాగముంది, స్త్రీలకూ భాగముంది, అది కొంచెమైనా ఎక్కువైనా సరే అని నిసా సూరా 7వ ఆయతు ప్రకటిస్తున్నది. ఆ "కొంచెమైనా" అన్న మాటను ఎన్ని సంవత్సరాలుగా పిల్లలకు బోధిస్తున్నామో లెక్క లేదు. అయినా ఆ కొంచెం మా గూట్లోనే 9 సంవత్సరాలుగా మెరుస్తూ ఉన్నది.

స్థలమూ పొలమూ అయితే పంచి ఉండేవాళ్ళమే. గిన్నెలు కదా అని వదిలేశాము. చాలా ఇళ్ళలో జరుగుతున్నది ఇదే. ఎవరి ఇంట్లో పెద్దవారు కన్నుమూస్తే ఆ ఇంట్లోనే సామాను ఉండిపోతుంది. ఆడపిల్ల అడగదు. అడిగితే గిన్నెల కోసం అన్నతో తగవు పడిందంటారని ఆమె భయం.

ఆ రాత్రి తమ్మునికి, ఆపాకు కబురు పంపాము. వచ్చే జుమా నాడు ఇద్దరూ వచ్చారు. ఊరిలోని ఇద్దరు పాత్రల వర్తకులను పిలిచి మొత్తం సామానుకు వెల కట్టించాము. 20,000 రూపాయలు తేలింది. మా తల్లిగారి తల్లిదండ్రులూ, మా తండ్రిగారూ ఆమెకు ముందే వెళ్ళిపోయారు గనుక ఇద్దరు కొడుకులకు చెరి రెండు భాగాలు, కూతురికి ఒక భాగం, మొత్తం అయిదు భాగాలు. ఆపాకు 4,000, మాకూ తమ్మునికీ చెరి 8,000.

"ఆపా, 9 సంవత్సరాలుగా మీ హక్కును మా గూట్లో అలంకారంగా పెట్టుకున్నాము. మాఫ్ చేయండి" అన్నాము.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ప్రతి ఈదుకూ అడుగుదామనే వచ్చేదాన్ని, తమ్ముడూ. నువ్వు ఆలిమ్‌వి, నాకంటే నీకే బాగా తెలుసు కదా అనుకుని ఊరుకున్నాను" అన్నారు.

ఇంతకాలం బోధించిన మాకు ఆనాడు అందిన పాఠం అది. ఆలిమ్ ఇంట్లో ఆగిపోయిన హక్కును అడగడం ఎంత కష్టమో మేము ఎన్నడూ తలచలేదు.

ఆపా పాన్‌దాన్‌ను కోరుకున్నారు. దాని వెల 2,500. మిగిలిన 1,500 రూపాయలు చేతికి ఇచ్చాము. తమ్ముడు, "నాకేమీ వద్దు, వదిలేశాను" అన్నాడు. ఇక్కడ ఒక ధార్మిక నియమం ఉంది. పాఠకులు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి. వస్తు రూపంలో ఉన్న తరికాలో "నా భాగం వదిలేశాను" అని నోటితో అన్నంత మాత్రాన హక్కు తొలగిపోదని మన హనఫీ ఫుఖహాలు వివరించారు. ముందు భాగాన్ని అతని చేతికి అప్పగించాలి. ఆపైన అతడు సంతోషంగా తిరిగి ఇస్తే అది కానుక అవుతుంది. ముఖ్యంగా అక్కచెల్లెళ్ళ విషయంలో ఇది చాలా అవసరం. నలుగురి ముందు మొహమాటపెట్టి "వదిలేశాను" అనిపించుకోవడం వదలడం కాదు, వదిలించుకోవడం. తమ్ముని చేతిలో సందూక్‌నూ, కుట్టుమిషనునూ, మిగిలిన పైకాన్నీ పెట్టాము. కుట్టుమిషనును తన కోడలికి తీసుకువెళ్ళాడు. సందూక్‌ను మాత్రం, "ఇక్కడే బాగుంది, మీకు నా కానుక" అని మాకే వదిలాడు.

ఇక ఉత్తరం వ్రాసిన సోదరి విషయానికి వద్దాం. అమ్మా! మీరు అటక మీద నుండి దించిన రాగి డేగిసా ఎవరిదో ఒకసారి విచారించండి. మన ఇళ్ళలోని పాత పాత్రలలో అధిక భాగం ఎవరో ఒకరి జహేజ్‌తో వచ్చినవే. పుట్టింటివారు ఆడపిల్లకు ఇచ్చిన సామాను ఆమె సొత్తు. అత్తవారి సొత్తు కాదు. ఆమె జీవించి ఉంటే ఆమె అనుమతి కావాలి. ఆమె మరణించి ఉంటే అది ఆమె వారసులందరిదీ. "అత్తగారు నాకే ఇస్తానన్నారు" అన్న మాట కూడా చాలదు. ఇస్తానన్న వస్తువును జీవించి ఉండగా చేతికి అప్పగించినప్పుడే హిబా పూర్తవుతుంది. మరణానంతరం ఇవ్వమని చెప్పి ఉంటే అది వసీయతు. వసీయతు ఎవరికి వర్తిస్తుందో, ఎంతవరకు చెల్లుతుందో అక్కడి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. ఆడబిడ్డలకు ఒక్క ఫోను చేయడం పెద్ద పని కాదు. వారు సంతోషంగా సరేనంటే ఆ డేగిసా మీ ముందు గదిలో రెట్టింపు అందంగా కనిపిస్తుంది. వారికి అది కావాలంటే మీ గది ఒక పాత్రను కోల్పోతుంది. మీ ఇల్లు ఒక భారాన్ని దించుకుంటుంది.

అంగడిలో కొనే పాత వస్తువుల విషయంలో కూడా హక్కులున్నాయి. హైదరాబాద్ వెళ్ళినవారికి జుమేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారపు అంగడి తెలిసినవే. అక్కడ పాత తాళాలు, పింగాణీ, ఇత్తడి, గడియారాలు, కుర్చీలు ఎన్నో దొరుకుతాయి. దొంగ సొత్తు అని తెలిసిన వస్తువునూ, అలా అనుమానం బలంగా కలిగిన వస్తువునూ ముట్టుకోరాదు. రెండవది, వెల తెలియనివారి అజ్ఞానాన్ని సొమ్ము చేసుకోరాదు. పల్లెల నుండి సరుకు తెచ్చేవారికి అంగడిలోని ధర తెలియకముందే ఊరి బయట ఎదురేగి కొనడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ ఇంటి అవసరానికి పాత ఇత్తడి సామాను తూకానికి అమ్ముతున్నదనుకోండి. ఆ పనితనానికి తూకం కంటే ఎన్నో రెట్లు వెల ఉందని మీకు తెలిసి, ఆమెకు తెలియకపోతే, "అమ్మా, దీని విలువ ఇంత" అని చెప్పి కొనడమే ధర్మం. "ఎంత చవకగా కొట్టేశానో చూడండి" అని అతిథుల ముందు చెప్పుకోవలసిన గొప్ప కాదు అది.

వెండి వస్తువులున్న ఇళ్ళవారు మరొక సంగతి గమనించాలి. బంగారు, వెండి పాత్రలలో తినడం, త్రాగడం పురుషులకూ స్త్రీలకూ నిషిద్ధం. వెండి గులాబ్‌పాష్, వెండి అత్తర్‌దాన్ వాడకాన్ని కూడా ఫుఖహాలు ఈ నిషేధం క్రిందికే చేర్చారు. అంతేకాక, వెండి ఏ రూపంలో ఉన్నా, పాన్‌దాన్‌గా ఉన్నా పళ్ళెంగా ఉన్నా, హనఫీ మతం ప్రకారం జకాత్ లెక్కలోకి వస్తుంది. నిసాబు 52.5 తులాలు, అంటే 612.36 గ్రాములు. తాతల నాటి వెండి అల్మారాలో ఉండి జకాత్ లెక్కలో లేకపోతే, అది పేదవాని హక్కును దాచుకున్న అల్మారా.

మొక్కలకు కూడా ఇదే సూత్రం. అన్ఆమ్ సూరా 141వ ఆయతులో తోటలను, ఖర్జూరాన్ని, పైర్లను, జైతూను, దానిమ్మలను ప్రస్తావించి, కాసినప్పుడు తినమనీ, కోతనాడే వాటి హక్కును చెల్లించమనీ, హద్దు మీరవద్దనీ అల్లాహ్ ఆదేశించాడు. మేడ మీది కుండీలకు ఉశ్ర్ లెక్కలు వేయమని మేము చెప్పడం లేదు. నాలుగు దానిమ్మలు కాస్తే ఒకటి పొరుగింటికి పంపండి. పుదీనా గుబురుగా పెరిగితే ఒక కట్ట పనిమనిషి చేతిలో పెట్టండి. ఒక పండును పిట్ట పొడిచిందని చింతించకండి. దాని సదఖా మీ ఖాతాలోనే ఉంది.

పొరుగువారి హక్కును గురించి జిబ్రీల్ (అ) ఎంతగా నొక్కి చెబుతూ వచ్చారంటే, పొరుగువారిని వారసులుగా చేస్తారేమోనన్న భావన దైవప్రవక్త (సఅసం)కు కలిగింది. మేడ మీద కుండీలు పెట్టేవారు ఈ హదీసును మరువరాదు. మన కుండీ నుండి కారిన నీరు క్రింది ఇంటివారి గోడను తడపరాదు. వారు ఆరవేసిన బట్టల మీద మట్టి చుక్క పడరాదు. కుండీల క్రింద పళ్ళాలు పెట్టుకోవడం, బరువైన తొట్లను పైకప్పు నడుమ కాక గోడల మీదుగా, దూలాల మీదుగా అమర్చుకోవడం మంచిది. అద్దె ఇల్లు అయితే యజమానిని అడగాలి.

నీటి విషయానికి వస్తే, దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో వుజూ పూర్తి చేసేవారు. ముద్ద్ అంటే రెండు చేతులు కలిపి పట్టిన దోసిలి నిండేంత కొలత. కొళాయి విప్పి వుజూ చేసే మనం ఎన్ని ముద్ద్‌లు జారవిడుస్తున్నామో ఒకసారి బకెట్ పెట్టి చూసుకోవాలి. ఆ బకెట్‌లోని నీటితో మళ్ళీ వుజూ చేయడానికి వీలులేదు గానీ, అది అపవిత్రం కాదు. మొక్కలకు నిస్సంకోచంగా పోయవచ్చు. మాది కర్నూలు. వేసవిలో ఇక్కడ నీటి కరువు ఎలా ఉంటుందో ఈ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. మా మొక్కలు వేసవిలో బ్రతికేది వుజూ నీటితోనూ, బియ్యం కడిగిన నీటితోనూ.

మా ముంగిలి పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. అంతా బేతంచెర్ల నాపరాళ్ళు పరిచి ఉండేది. రెండు రాళ్ళు ఎత్తి ఒక దానిమ్మను నాటాము. దానికి ఎండ బాగా తగలాలి. గోడవారగా మెహందీ కొమ్మ గుచ్చితే అది కంచెలా పెరిగింది. రంజాన్ చివరి రాత్రులలో వీధిలోని ఆడపిల్లలంతా దాని దగ్గరే ఉంటారు. అడుగు కారిపోతున్న పాత రేకు తొట్టిలో పుదీనా వేశాము. వంటకు తెచ్చిన పుదీనాలో గట్టి కాడలను ఏరి నీటిలో నిలబెడితే కొద్ది రోజులలోనే వేళ్ళు పుడతాయి. అప్పుడు మట్టిలో నాటుకోవచ్చు. కొత్తిమీరకు ధనియాలను చేత్తో నలిపి రెండుగా చేసి చల్లాలి. పగిలిన కూజా సగంలో సబ్జా వేశాము. సువాసనగల మొక్కను ఖుర్ఆన్ రైహాన్ అన్నది; రైహాన్‌ను ఎవరైనా కానుకగా ఇస్తే కాదనవద్దని, అది మోయడానికి తేలిక, వాసనకు హాయి అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. సబ్జాను చాలామంది ఆ పేరుతోనే పిలుస్తారు. ఆకులు వాసన చూడడానికి, గింజలు ఇఫ్తార్ షర్బత్‌కు.

పాత పాత్రలలో మొక్కలు పెట్టేవారికి రెండు జాగ్రత్తలు. రాగి, ఇత్తడి పాత్రలలో నేరుగా మట్టి పోయకండి. పాత్రకు చిలుము పడుతుంది, వేళ్ళకూ మంచిది కాదు. లోపల చిన్న మట్టి కుండీని పెట్టి పాత్రను పై తొడుగుగా వాడుకోండి. ఆ పాత్రలలోనే వండాలనుకుంటే ముందు కళాయి పోయించండి. కళాయి లేని రాగిలో పులుసు వండరాదు. పాత చెక్క సామాను మీది రంగును పిల్లలున్న చోట గీకకండి. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది.

మదీనాలో హజ్రత్ అబూ తల్హా (రజి)కి బైరుహా అనే తోట ఉండేది. మస్జిదె నబవీకి ఎదురుగా ఉన్న ఆ తోటలోని తీయని నీటిని దైవప్రవక్త (సఅసం) వెళ్ళి త్రాగేవారు. ప్రియమైనదానిని ఖర్చు చేయనిదే పుణ్యాన్ని అందుకోలేరన్న ఆయతు అవతరించినప్పుడు, తనకు అన్నిటికంటే ప్రియమైన ఆ తోటను అల్లాహ్ మార్గంలో ఇస్తున్నానని ఆయన వచ్చి విన్నవించుకున్నారు. దైవప్రవక్త (సఅసం) ఆ దానాన్ని ప్రశంసించి, దానిని ఆయన బంధువులకే పంచమని సలహా ఇచ్చారు. ఆయన అలాగే పంచారు. పాత పాత్రను ఏమీ మార్చవద్దని హజ్రత్ అనస్ (రజి)ను వారించినవారు కూడా ఈ అబూ తల్హా (రజి)యే. కాపాడవలసినదానిని ఉన్నదున్నట్లు కాపాడడమూ తెలుసు, ఇవ్వవలసినదానిని చేతులు విప్పి ఇవ్వడమూ తెలుసు ఆయనకు.

మొన్నటి ఈదుకు మేమే ఆపా ఇంటికి వెళ్ళాము. పాన్‌దాన్ ఆమె వంటింటి కిటికీలో ఉంది. ఆమె తమలపాకులు మానివేసి చాలాకాలమైంది. మూత ఎత్తి చూపించారు. సున్నమూ కాచూ ఉండవలసిన చిన్న గిన్నెలలో మెంతులు, తోటకూర గింజలు, బెండ గింజలు, సబ్జా వేరు వేరుగా పోసి ఉన్నాయి. మూలన కాగితంలో చుట్టిన దానిమ్మ గింజలు మా చెట్టువే. వచ్చేటప్పుడు గుప్పెడు తోటకూర గింజలు పొట్లం కట్టి మా చేతిలో పెట్టారు. మా గూడు ఇప్పుడు ఖాళీగా ఉంది. మా ఇంటివారు అక్కడ ఒక పుదీనా కుండీ పెట్టారు.

సోదరీ! మీ కుండీలు 30 నుండి 60 కావాలని దుఆ చేస్తున్నాము. ఈ వారం ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లోని ప్రతి పాత వస్తువు పేరూ వ్రాసి, ఎదురుగా అది ఎవరి నుండి వచ్చిందో వ్రాయండి. ఎవరి పేరు దగ్గర కలం ఆగుతుందో, వారికి ముందుగా కబురు పంపండి. పాఠకులందరికీ మా విన్నపం ఇదే. అల్లాహ్ మన ఇళ్ళను ప్రశాంతి నిలయాలుగా చేయుగాక. ఇతరుల హక్కుల నుండి మన గూళ్ళనూ అటకలనూ శుభ్రపరచుగాక. ఆమీన్.